గాజు గిన్నెలో చచ్చినంత మాత్రాన

పొద్దున్నే పేపరు తిరగేసిన కుంపటికి అరికాలి మంట నెత్తికెక్కింది.

కుంపటి ఆమె అసలు పేరు కాదు. పరిశోధనశాలలో ఆమె దగ్గర పనిచేసేవాళ్ళు చాటుగా పెట్టుకున్న పేరు. ఎదురుగా ఉన్నంతసేపూ "మేడమ్, మేడమ్" అని, ఆవిడ గది దాటగానే "కుంపటి ఇవాళ రాజుకుంది, జాగ్రత్త" అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. ఆ సంగతి ఆమెకు ఏనాడో తెలిసింది. తెలిసీ ఏమీ అనలేదు. కోపం తనకు ముక్కు మీదే ఉంటుందని ఒప్పుకోవడానికి ఆమె ఎప్పుడూ నామోషీ పడలేదు. పైగా, కోపం రావలసిన చోట కూడా పళ్ళికిలించేవాళ్ళను చూస్తే ఆమెకు ఇంకా కోపం.

మూడో పేజీలో సగం ఆమె ఫోటోయే. తెల్లకోటు వేసుకుని, అరచేయంత పుట్టగొడుగును ఆటల పోటీలో గెలిచిన కప్పులా పట్టుకుని, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. సంస్థ వార్షిక పుస్తకం కోసమని చెప్పి తీసిన ఫోటో అది. ఆ నవ్వు కూడా ఫోటో తీసినవాడు బతిమాలి తెప్పించిందే. దాని పైన ఇంతింత అక్షరాలు: "క్యాన్సర్‌కు పుట్టగొడుగు చెక్!"

ఈ చెక్ అనే మాటను పేపర్లవాళ్ళకు ఎవరు నేర్పారో గానీ, వాళ్ళు దేనికైనా చెక్ పెట్టేయగలరు. బట్టతలకు చెక్. మోకాళ్ళ నొప్పులకు చెక్. వాళ్ళ రాతలకు చెక్ పెట్టే నాథుడే లేడు. పుట్టగొడుగు సారం తగలగానే క్యాన్సర్ కణాలు "మటుమాయం" అయ్యాయట. బాధ లేకుండా జబ్బు నయమయ్యే రోజు "ఎంతో దూరంలో లేదు"ట. ఆ కణాలు మనిషి ఒంట్లోవి కావనీ, గాజు గిన్నెలో పెంచినవనీ వార్త అడుగున ఒక ముక్క రాశారు. అక్కడిదాకా చదివేదెవరు? అప్పటికే అందరూ పేజీ తిప్పేసి ఉంటారు.

నిజానికి ఆమె ఈ పుట్టగొడుగుల్లోకి కోరి రాలేదు. చదువు ముగించి సంస్థలో చేరేసరికి వెలుతురున్న గదులన్నీ ముందొచ్చినవాళ్ళు పంచేసుకున్నారు. ఆమెకు మిగిలింది నేలమాళిగలో చివరి గది. అరల నిండా రంపపు పొట్టు కూరిన సంచులు, గోడలకు చెమ్మ, తలుపు తీస్తే తడిసిన కట్టెల వాసన. అందరూ దాన్ని బూజుగది అనేవాళ్ళు. మొహం మాడ్చుకుని అందులోకి వెళ్ళిన మనిషి పందొమ్మిదేళ్ళయినా బయటికి రాలేదు. రాత్రికి రాత్రి సంచిని చీల్చుకుని తల బయటపెట్టే పుట్టగొడుగు మొండితనం ఆమెకు నచ్చేసింది. తన బుద్ధే దానికీ ఉందనుకుంది.

పని కూడా మొండిపనే. పుట్టగొడుగులు కోయాలి, ఎండబెట్టాలి, పొడి కొట్టాలి, వేడినీళ్ళలో మరగబెట్టి వడగట్టాలి. ఆ సారాన్ని గిన్నెల్లో పెంచిన కణాల మీద పోసి చూడాలి. అక్కడ బాగుంటే ఎలుకలకు పెట్టాలి. అక్కడా బాగుంటే మనుషులకు. ఇన్నేళ్ళలో తేలింది ఇంతే: గిన్నెలో కణాలు చచ్చాయి. ఎలుకల్లో గడ్డ కాస్త నెమ్మదిగా పెరిగింది. కీమో తీసుకుంటున్న మనుషుల్లో సగంమందికి పుట్టగొడుగు పొడి, మిగతా సగంమందికి చూడ్డానికి అలాగే ఉండే ఉత్త పొడి ఇస్తే, రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అసలు పొడి తాగినవాళ్ళు నిద్ర బాగా పడుతోందన్నారు. ఉత్త పొడి తాగినవాళ్ళూ అదే మాట అన్నారు. ఆమె తన వ్యాసం చివర "మనిషి జబ్బు మీద పనిచేస్తుందో లేదో ఇంకా తెలియదు" అని రాసింది. ఆ ఒక్క వాక్యం రాసే అర్హత సంపాదించడానికి ఆమెకు సగం జీవితం పట్టింది. పేపరువాడు దాన్ని ఒక్క పూటలో ఊడ్చి పారేశాడు.

పేపరు చుట్టి చంకలో పెట్టుకుని డైరెక్టరు గదికి వెళ్ళింది. ఆయన అప్పటికే నాలుగు ప్రతులు తెప్పించి బల్ల మీద పరుచుకున్నాడు.

"రామ్మా, రా! నీకోసమే కబురు పంపిద్దామనుకుంటున్నా. ఫోటోలో ఎంత కళగా ఉన్నావో చూశావా?"

"ఇదెవరు చెప్పారు సార్ వాళ్ళకి?"

"నేనే చెప్పాను. తప్పేముంది? కణాలు చావలేదా?"

"గిన్నెలో చచ్చాయి. మనుషులకిచ్చి చూసిన సంగతి ఒక్క ముక్క లేదిందులో. ఏమీ తేలలేదన్న సంగతి మీకు తెలుసుగా?"

"అన్నీ చెబితే వాళ్ళేం రాస్తారు, జనం ఏం చదువుతారు?" ఆయన నవ్వాడు. ఆయనకు ఎంత తిట్టినా చెదరని నవ్వొకటి ఉంది. "జబ్బుతో ఉన్నవాళ్ళకి కాస్త ఆశ కల్పించాం. దానివల్ల ఎవరికి నష్టం?"

"నేను పేపరుకి ఫోన్ చేసి సవరణ వేయమంటాను."

నవ్వు అలాగే ఉంది గానీ గొంతు మారింది. "అనుమతి లేకుండా పత్రికలతో మాట్లాడితే ఏమవుతుందో నీకు తెలుసమ్మా. పోయినేడు ఒకాయన్ని పంపించేశాం, గుర్తుందిగా? నీ గది, నీ సంచులు, నీ ఎలుకలు. చూసుకో మరి."

ఆమె తలుపు ధడాలున వేసి బయటికి వచ్చింది. అంతే చేసింది. ఫోన్ చేయలేదు. బూజుగదిలోకి వెళ్ళి ఆ పూటంతా కనబడినవాళ్ళందరి మీదా అరిచింది. అరిచినంత మాత్రాన ఏదో చేసినట్టు అనిపిస్తుంది, అదే కోపంతో వచ్చిన చిక్కు.

ఆమెకు ఉన్నది ఒక్క అక్క. తనకంటే పన్నెండేళ్ళు పెద్దది. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే పని చేసేది. ఆ ఏడాది మొదట్లో అక్కకు రొమ్ములో గడ్డ కనబడింది, కోసి తీశారు. తరవాత మూడు వారాలకోసారి కీమో ఎక్కించాలన్నారు. మొదటి రెండుసార్లూ చెల్లెలే వెంట వెళ్ళింది. ఆ తరవాత "మీ బావ ఉన్నారుగా, నీ పని చెడగొట్టుకోకు" అని అక్కే వద్దంది. రోజూ ఫోన్‌లో "ఎలా ఉన్నావే?" అంటే "నాకేం, దుక్కలా ఉన్నా" అనేది.

పేపర్లో వార్త పడిన రెండు నెలలకు ఒక సెలవు రోజున ఆమె అక్క ఇంటికి వెళ్ళింది. ముందుగదిలో కుట్టుమిషను పక్కన నీలం లాగూలు గుట్టగా పడున్నాయి. అక్క మిషను మీదే ఉంది. మొహం తేటగా ఉంది. నున్నటి తల మీద పొట్టి పొట్టి వెంట్రుకలు మొలుస్తున్నాయి. కీమో సాగుతుండగా ఆ వెంట్రుకలు అలా మొలవకూడదు.

వంటగదిలోంచి బావ వచ్చాడు. ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. ఏ పనైనా మిల్లీమీటరు తేడా రాకుండా చేసే మనిషి. చేతిలో ఒక గ్లాసు, అందులో మట్టిరంగు కషాయం. దాన్ని ఉఫ్ ఉఫ్‌మని ఊది, వేడి సరిపోయిందో లేదో చేతిమీద ఒక చుక్క వేసుకు చూసి భార్య చేతికిచ్చాడు.

"ఏంటిది?" అంది కుంపటి.

"నీ మందే!" బావ మొహం వెలిగిపోయింది. "చూశావా మీ అక్క ఎలా తేరుకుందో? ఆకలేస్తోంది, వాంతుల్లేవు, నిద్ర పడుతోంది. నీ ఫోటో దుకాణంలో అద్దం పక్కనే అంటించా. వచ్చినవాళ్ళందరికీ మా మరదలే అని చెబుతున్నా."

"కీమో?"

అక్క లాగూ అంచు సరిచేసుకుంది.

"కీమో ఎప్పుడు మానేశారు బావా?"

"మానేయడం ఏముందమ్మా, ఇది పనిచేస్తోందిగా, ఇంకా అదెందుకని..."

ఆ తరవాత ఆమె నోట్లోంచి వచ్చిన మాటలన్నీ ఇక్కడ రాయడం బాగుండదు. పక్కింటివాళ్ళు మాత్రం టీవీ కట్టేసి మరీ విన్నారు. "కీమో మానేస్తే ఎవరికైనా వాంతులు ఆగుతాయి! ఎవరికైనా ఆకలేస్తుంది! మొహం తేటపడింది మందు తాగినందుకు కాదు, మందు మానేసినందుకు! బుద్ధి ఉన్నవాళ్ళు చేసే పనేనా? ఒక్క మాట, ఒక్క మాట నాకు చెప్పొచ్చుగా?"

"చెబితే ఇలా అరుస్తావనే," అంది అక్క.

బావ నొచ్చుకున్నాడు. అల్మారాలోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టాడు. మంచి బరువైన గాజుసీసా. దాని మీద బంగారు రంగు అక్షరాలు, ఒక పుట్టగొడుగు బొమ్మ, కింద "శాస్త్రవేత్తలు నిరూపించినది". ఏ శాస్త్రవేత్తలో రాయలేదు. రాయడం దేనికి, పేపరు వేసింది కదా.

సీసా చూడగానే కుంపటికి ఒక మార్గం తోచింది. ఇలాంటి పొడులు ఆమె చాలా చూసింది. పుట్టగొడుగు పెరిగేదాకా ఆగే ఓపిక లేనివాళ్ళు గింజలు ఉడకబెట్టి, వాటి మీద తెల్లటి బూజు పట్టగానే గింజలతో సహా ఎండబెట్టి పొడి కొట్టేస్తారు. సీసాలో ఉండేది ముప్పావు వంతు పిండే. అది తేల్చడం చిన్న పని.

"గాయాలకు రాసే అయోడిన్ ఉందా ఇంట్లో?"

ఉంది. ఆమె రెండు సాసర్లు తీసుకుంది. ఒకదాంట్లో బిస్కెట్టు చిదిపి నీళ్ళు కలిపింది. రెండోదాంట్లో సీసాలో పొడి వేసి నీళ్ళు కలిపింది. "పిండి పదార్థం తగిలితే అయోడిన్ నల్లగా మారుతుంది. అసలైన పుట్టగొడుగైతే ఇలా మారదు. చూడండి." బిస్కెట్టు మీద చుక్క వేసింది. సిరా ఒలికినట్టు నల్లబడింది. పొడి మీద వేసింది. అదీ నల్లబడింది. బిస్కెట్టు కంటే ఒక పాలు ఎక్కువే నల్లబడింది.

బావ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశాడు. రెండు నెలలుగా పొద్దునా సాయంత్రం వేడి చూసి, వడగట్టి, ఊది ఊది ఇచ్చింది పిండినీళ్ళన్నమాట. "దొంగవెధవ," అన్నాడు. "నా చేతులతో నేనే..."

కుంపటి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. గెలిచాననుకుంది. రేపే ఆసుపత్రికి ఫోన్ చేద్దామని నోరు తెరవబోయింది. ఇంతలో బావ తలెత్తాడు.

"అయితే ఇన్నాళ్ళూ అసలుది పడలేదన్నమాట. పిండితోనే ఇంత గుణం కనబడిందంటే, అసలుదైతే ఇంకెంత!"

"నేను మొదట్లోనే అన్నాను," అంది అక్క. "దాన్నే అడుగుదామని. మీరే మొహమాటపడ్డారు. ఇంట్లో పెట్టుకుని ఊరంతా వెతికాం."

శాస్త్రం చదువుకున్నవాళ్ళు తరచూ చేసే తప్పే కుంపటి కూడా చేసింది. సరుకు నకిలీదని తేల్చేస్తే నమ్మకం పోతుందనుకుంది. నకిలీది అని తేలిందంటే అసలుది ఎక్కడో ఉందనేగా అర్థం! ఆ అసలుది ఎక్కడుందో ఫోటోతో సహా పేపర్లో వేశారు.

"అసలుదైనా అంతే బావా," అంది చివరికి. "నా దగ్గరున్నది కూడా క్యాన్సర్‌ని నయం చేయదు."

"నువ్వు అలాగే అంటావులే. సంస్థవాళ్ళు బయటికి ఇవ్వొద్దని ఉంటారు."

"ఎవరూ అనలేదు!"

"మరి ఇవ్వడానికేం?" బావ గొంతు లేచింది. ఆ ఇంట్లో ఎవరూ ఆయన గొంతు పెంచగా విని ఎరగరు. "ముక్కూమొహం తెలియనివాళ్ళకి డబ్బాలు డబ్బాలు పంచావు. ఆఖరికి ఎలుకలకు కూడా పెట్టావు. సొంత అక్కకి ఒక డబ్బా ఇవ్వడానికి చేతులు రావడంలేదా నీకు?"

అంతమాట పడ్డాక ఆమె అక్కడ నిలబడలేదు. చెప్పులు సరిగా తొడుక్కోకుండానే వీధిలోకి వచ్చేసింది. బస్సులో కూర్చుని, కిటికీ చువ్వ పట్టుకుని, వరసపెట్టి అందరినీ తిట్టుకుంది. గింజలు పొడికొట్టి బంగారు అక్షరాలు అంటించినవాణ్ణి తిట్టుకుంది. పేపరువాణ్ణి తిట్టుకుంది. ఆశ ఇస్తే నష్టమేముందన్న డైరెక్టరును కడిగిపారేసింది. ఆశతో కషాయం కాచి, ఊది ఊది పట్టిస్తే ఆయనకు తెలిసేది నష్టమేమిటో. బావను మాత్రం తిట్టుకోలేకపోయింది. ఆ మనిషి చేతిమీద వేసుకున్న చుక్క పదే పదే గుర్తొచ్చి, కోపం ఎటు తిప్పాలో తెలియక ఏడ్చింది.

బూజుగదిలో సంచులు చూసుకునే ముసలి సహాయకుడు ఆ సంగతి విని ఒక సలహా ఇచ్చాడు. "ఇచ్చేయండి మేడమ్. కీమోకి వెళితేనే ఇస్తానని మెలికపెట్టండి. రెండూ జరుగుతాయి." మాట బాగానే ఉంది. ఆ సాయంత్రం ఆమె అర తెరిచి పొడి డబ్బా చేతిలోకి తీసుకుంది కూడా. కానీ ఆ డబ్బా తన చేతుల మీదుగా అక్క ఇంటికి వెళ్ళిందంటే, అక్కకు ఏ కాస్త బాగున్నా అది పుట్టగొడుగు వల్లే, ఏ కాస్త బాధ కలిగినా అది కీమో వల్లే అవుతుంది. నాలుగోసారికో ఐదోసారికో మళ్ళీ ఇదే కథ. ఆమె డబ్బా మళ్ళీ అరలో పెట్టేసింది.

మర్నాడు బావకు ఫోన్ చేసింది. "ఆదివారం అక్కని తీసుకుని నా గదికి రండి," అంది. పొడి ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు.

ఆదివారం వాళ్ళు వచ్చారు. బావ చేతిలో స్టీలు డబ్బా ఉంది. తోమి, ఎండబెట్టి, తడి తగలకుండా మూతకు గుడ్డ చుట్టి మరీ తెచ్చాడు. అక్క చేతిలో చెల్లెలి కోసం ఫ్లాస్కులో టీ. కుంపటి ఆ డబ్బాను చూసీ చూడనట్టు ఇద్దరికీ కోట్లు తొడిగి, చెప్పులు విప్పించి, కణాలు పెంచే గదిలోకి తీసుకెళ్ళింది.

ఆ గదిలో ఆమె పెట్టిన కట్టుబాట్లు అందరికీ తెలుసు. లోపలికి తిండీ నీళ్ళూ తేకూడదు. ఒకసారి నీళ్ళసీసాతో లోపలికి వచ్చిన పరిశోధక విద్యార్థిని వారంపాటు గడప తొక్కనివ్వలేదు. ఆ రోజు మాత్రం అక్క చేతిలోని ఫ్లాస్కును ఆపలేదు.

ఆమె ఒక గిన్నెను సూక్ష్మదర్శిని కింద పెట్టి అక్కను చూడమంది. "ఇవి రొమ్ము క్యాన్సర్ కణాలు. బతికున్నాయి."

అక్క కళ్ళు చికిలించి చూసింది. గిన్నె అడుగున పరుచుకుని, కోలగా, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. "ఇవేనా నాకు పుట్టినవి?" అంది. "ఇంత నాజూగ్గా ఉన్నాయేంటే."

తరవాత నిన్నటినుంచి పుట్టగొడుగు సారంలో నానుతున్న గిన్నె పెట్టింది. కణాలు గుండ్రంగా ముడుచుకుపోయి, అడుగు వదిలేసి తేలుతున్నాయి.

"చచ్చాయి!" అక్క తలెత్తింది. ఎన్ని నెలల తరవాతో ఆ మొహం విప్పారింది. "ఏమండీ, రండి, చూడండి. చచ్చాయి!"

బావ చూశాడు. చూసి, స్టీలు డబ్బాకు చుట్టిన గుడ్డ విప్పడం మొదలుపెట్టాడు.

కుంపటి ఫ్లాస్కు మూత తిప్పింది. పొగలు కక్కుతున్న టీని తీసుకెళ్ళి, మొదట చూపించిన బతికున్న గిన్నెలో గబుక్కున పోసేసింది. పందొమ్మిదేళ్ళుగా దుమ్ము సోకకుండా కాపాడుకుంటూ వచ్చిన బల్ల మీద టీ ఒలికింది. ఆమె తుడవలేదు. కాసేపాగి, గిన్నెలోది వంపేసి, శుభ్రమైన నీళ్ళతో ఒకసారి కడిగి, మిగిలినదాన్ని కిందపెట్టి అక్క తల పట్టుకుని వంచింది.

"చూడు."

అక్క చూసింది. చాలాసేపు చూసింది. "ఇవీ చచ్చాయి," అంది మెల్లగా.

"నువ్వు పెట్టిన టీకి చచ్చాయి. సబ్బునీళ్ళు పోసినా చస్తాయి. ఉప్పెక్కువైనా చస్తాయి. గాజు గిన్నెలో దేన్నైనా చంపొచ్చే! ఒళ్ళంతా బతికుండగా దాన్నొక్కదాన్నే చంపాలి, అదీ అసలు పని. నా పుట్టగొడుగుకి అది చేతనవునని ఎవరూ రుజువు చేయలేదు. నేనూ చేయలేదు. ఎప్పటికైనా అవుతుందేమో, నాకు తెలియదు. కీమోకి కొంత చేతనవును. అది మోటుది, పక్కవాటిని కూడా కొడుతుంది, అందుకే నీకంత నరకం. కానీ దానికి చేతనవునని రుజువుంది. మరి టీ తాగుతూ ఇంట్లో కూర్చుంటావా? చెప్పు!"

బావ డబ్బాకు గుడ్డ మళ్ళీ చుట్టసాగాడు. "నాకెవరూ ఇలా చూపించలేదమ్మా," అన్నాడు.

అక్క బల్ల దగ్గర స్టూలు మీద కూలబడింది. "నాకా కీమో కుర్చీ అంటే భయమే," అంది. "అందులో కూర్చోబెట్టి చేతికి సూది గుచ్చగానే నోట్లోకి ఇనుము రుచి వస్తుంది. అక్కణ్ణించి వారంపాటు నేను మనిషిని కాను. ఈయన గోడవైపు తిరిగి ఏడుస్తారు, నాకు వినబడదనుకుంటారు. ఆ కషాయం మొదలుపెట్టాక ఇంట్లో ఎవరూ ఏడవలేదు. అందుకే తాగాను. పైగా..."

"పైగా ఏంటి?"

"నువ్వు పనికిమాలినదాని కోసం ఇన్నేళ్ళు ఈ చెమ్మగదిలో పడుండవుగా అనుకున్నా. పెళ్ళీ పెటాకులూ లేకుండా, పండగా పబ్బం లేకుండా. ఇందులో ఏదో ఉండే ఉంటుంది, లేకపోతే మా చెల్లి ఎందుకుంటుంది, అనుకున్నానే."

ఈసారి కుంపటికి ఎవరి మీదా అరవడానికి లేదు. పేపరువాడు మోసం చేశాడు, సీసావాడు మోసం చేశాడు, కానీ వాళ్ళిద్దరినీ అక్క పెద్దగా నమ్మనేలేదు. ఆమె నమ్మింది చెల్లెల్ని.

"ఉందో లేదో తెలుసుకోవడానికే ఉన్నానే అక్కా," అంది. "ఉందని తెలిసి కాదు. పనిచేయదని తేలినా నా కష్టం వృథా అవదు. నువ్వు పోతే అవుతుంది. నేను ఇంకో పాతికేళ్ళు ఇక్కడ కూర్చున్నా అవుతుంది."

అక్క ముక్కు ఎగబీల్చుకుంది. "నువ్వు పక్కన కూర్చుంటావా?"

"కూర్చుంటా."

"అరవకూడదు."

"అది చెప్పలేను."

ఆసుపత్రిలో డాక్టరమ్మ చీవాట్లు పెట్టింది. పోయిన కాలం తిరిగి రాదని, జబ్బు ఈ సందులో ఎంత దూరం వెళ్ళిందో పరీక్షలన్నీ మళ్ళీ చేస్తే గాని తెలియదని, మందు మార్చి మొదలుపెడతానని, మాట మాత్రం ఇవ్వలేనని చెప్పింది. ఆ మాట ఇవ్వలేననడం విని కుంపటికి ఆమె మీద గౌరవం కలిగింది. కోపం కూడా వచ్చింది, అది వేరే సంగతి.

కీమో ఎక్కించేది పొడవాటి గది. కిటికీ వెంట వరసగా వాలుకుర్చీలు, ఒక్కోదాని పక్కన ఒక్కో స్టాండు, వేలాడే సంచీ. అక్కను ఒక కుర్చీలో కూర్చోబెట్టారు. సూది గుచ్చినప్పుడు ఆమె చెల్లెలి మణికట్టు గోళ్ళు దిగేలా పట్టుకుంది. కాసేపటికి ఎదురు కుర్చీలో ఉన్న పెద్దాయన కుంపటిని ఎగాదిగా చూసి, "మీరు పుట్టగొడుగు మేడమ్ కదూ?" అన్నాడు. "పేపర్లో చూశాను. అది రోజుకి ఎన్ని చెంచాలు తీసుకోవాలండీ?"

కుంపటి లేచి నిలబడింది. అక్క కొంగు పట్టుకుని లాగింది గానీ లాభం లేకపోయింది.

"అందరూ వినండి! ఆ ఫోటోలో ఉన్నదాన్ని నేనే. పుట్టగొడుగు క్యాన్సర్‌ని తగ్గిస్తుందని నేనెప్పుడూ అనలేదు. పేపర్లో రాసింది తప్పు. తినాలనిపిస్తే డాక్టర్ని అడిగి కూర వండుకు తినండి. దాన్ని నమ్ముకుని ట్రీట్‌మెంట్ మానొద్దు. మీలో ఎవరైనా మానేద్దామనుకుంటున్నారా? చెప్పండి, ఏమీ అనను."

గదిలో వాళ్ళంతా బిత్తరపోయి చూశారు. ఎవరూ చెయ్యెత్తలేదు. సంచీలు మారుస్తున్న నర్సు ఆమె దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి చెప్పింది.

"వీళ్ళకెందుకమ్మా చెబుతున్నారు? వీళ్ళు వచ్చినవాళ్ళు. మానేసినవాళ్ళు ఇక్కడెందుకుంటారు? ఈమధ్య కొంతమంది రావడం మానేశారు. ఫోన్ చేసి అడిగితే మీ పేపరు సంగతే చెబుతున్నారు. తరవాత ఫోన్ కూడా ఎత్తడంలేదు."

కుంపటి కుర్చీలో కూర్చుంది. గదిలో రెండు వాలుకుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అవి అంతకుముందూ ఖాళీగానే ఉన్నాయి, ఆమె చూడలేదు. ఆ రోజు డైరెక్టరు గది తలుపు ధడాలున వేసి వచ్చింది. అక్క ఇంట్లో అరిచింది. ఇక్కడా అరిచింది. ఇన్నాళ్ళూ అరవని చోటు ఒక్కటే.

బ్యాగులోంచి ఫోను తీసింది. పేపరు ఆఫీసు నంబరు వెతికి కలిపింది. లైను అటూ ఇటూ మారి మారి, చివరికి ఒక కుర్రగొంతు పలికింది. ఆమె తానెవరో చెప్పింది, ఆ వార్త తప్పని చెప్పింది, ఎందుకు తప్పో ఒకటి తరవాత ఒకటి చెప్పింది. మనుషుల మీద చేసిన పరీక్షలో ఏమీ తేలలేదన్న మాట రెండుసార్లు రాయించింది. ఎంత పెద్ద అక్షరాలతో ఆ వార్త వేశారో, అంత పెద్ద అక్షరాలతో, అదే పేజీలో ఇదీ వేయమంది.

"మీ పేరుతోనే వేయాలా మేడమ్? పోనీ, ఫోటో లేకుండా వేయమంటారా?"

"అదే ఫోటో వేయండి. లేకపోతే ఎవరూ పోల్చుకోరు."

"డైరెక్టరు గారి అనుమతి ఉందా మరి?"

అక్క కళ్ళు మూసుకుని, చెల్లెలి చెయ్యి మళ్ళీ పట్టుకుంది.

"లేదు," అంది కుంపటి. "రాసుకోండి."